పాస్‌పోర్టు పద్యానికి టీకా తాత్పర్యాలు

ఆ.వె.
అసలు పేరు వేరు ఆధారులో వేరు
బడిని తేది వేరు బామ్మకొకటి
కలిపి చూపుమన్న కౌంటరు ముందర
నరుడు కూరుచుండె నందియట్లు

అవతారిక. ఈ చాటువు గోదావరి జిల్లాల మండల కేంద్రాల్లో, ముఖ్యంగా బస్టాండు ఎదుటి ఇంటర్నెట్ సెంటర్లలో వినబడుతుంది. కవి ఎవరో తెలియదు. కాలం మాత్రం అంతస్సాక్ష్యం వల్ల తేలుతోంది. ఆధారు ప్రస్తావన ఉన్నది గనుక 2010కి పూర్వపుది కాదు. పైగా నరుడు ‘కూరుచుండె’ అంటున్నాడు. కూర్చోవడానికి కుర్చీ, పిలవడానికి టోకెను పాస్‌పోర్టు సేవా కేంద్రాలతో వచ్చిన భోగాలు. అంతకుముందు మనవాళ్ళు రాత్రి రైలెక్కి నగరానికి వెళ్ళి, తెల్లవారేసరికి ఆఫీసు గేటు ముందు వరుసలో ఉండేవారు. ఆ రోజులెరిగిన పెద్దలు నాలుగో పాదాన్ని ‘నరుడు నిలిచియుండె’ అని చదువుతారు. ఛందస్సుకు భంగం లేదు, కాళ్ళకే. 2017లో తపాలా కార్యాలయాల్లోనూ ఈ సేవా కేంద్రాలు తెరవడం మొదలయ్యాక ‘కూరుచుండె’ పాఠమే స్థిరపడింది.

ప్రతిపదార్థం. అసలు పేరు = బారసాలనాడు బియ్యంలో రాసిన పేరు; వేరు = ఒకటి; ఆధారులో = పన్నెండంకెల కార్డునందు; వేరు = మరొకటి; బడిని = బడి అడ్మిషన్ రిజిస్టరునందు; తేది = పుట్టినరోజు; వేరు = ఇంకొకటి; బామ్మకు = పురిటిగది గుమ్మంలో కూర్చున్న పెద్దావిడకు; ఒకటి = ఆవిడ చెప్పినది; కలిపి = వీటన్నిటికీ పొత్తు కుదిర్చి; చూపుము = ఒరిజినల్సూ, సంతకం పెట్టిన జెరాక్సులూ ముందుంచుము; అన్న = అనునట్టి; కౌంటరు ముందర = కంప్యూటరుకు ఇవతల; నరుడు = దరఖాస్తుదారు; నందియట్లు = శివాలయంలో నందివలె; కూరుచుండె = తెరమీద తన నంబరు పడేదాకా కదలక ఉండెను.

వ్యాకరణ విశేషం. ‘వేరు ఆధారులో’ అన్నచోట ఉత్వసంధి నిత్యం కదా, కవి ఎందుకు చేయలేదని ఆక్షేపణ. పత్రానికీ పత్రానికీ సంధి కుదరలేదన్నదే ఇక్కడి వస్తువు. కుదిరితే పద్యమే లేదు.

‘అసలు పేరు’ మీద కొంత విచారించాలి. దరఖాస్తులో పేరుకు రెండు గడులు: సర్‌నేమ్, గివెన్ నేమ్. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక. బళ్ళో ఇంటిపేరు కుదించి ఒక పొడి అక్షరం చేస్తారు. దరఖాస్తులో పొడి అక్షరాలు చెల్లవు, విప్పి రాయాలి. విప్పితే టెన్త్ సర్టిఫికెట్‌తో కలవదు, విప్పకపోతే గడి ఒప్పుకోదు. ఆడవాళ్ళకు ఈ చిక్కు రెండింతలు. సర్టిఫికెట్ మీద పుట్టింటి ఇంటిపేరు, ఆధారు మీద అత్తింటిది. కొందరు విసిగి సర్‌నేమ్ గడిని ఖాళీగా వదిలేసి పెట్టిన పేరొక్కటే రెండో గడిలో వేస్తారు. అదీ నిలవలేదు. 2022 నవంబరులో, ఒంటిపేరు పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవారిని రానివ్వబోమని యూఏఈ ప్రకటించింది. ఆ ప్రకటన ప్రకారం దుబాయి చూడాలంటే ఇంటిపేరు ఉండాలన్నమాట. సంబంధాలు చూసేటప్పుడు మన పెద్దలు అడిగేదీ ముందు అదే.

ఇక ఇంగ్లీషు అక్షరాల సంగతి. సూర్యనారాయణ తెలుగులో ఒక్కడే. ఇంగ్లీషులో కలిపి రాస్తే ఒకడు, మధ్యలో ఖాళీ వదిలితే ఇంకొకడు, చివరి ‘ఏ’ ఎగిరిపోతే మూడోవాడు. లక్ష్మి ఎన్ని విధాల లక్ష్మో చెప్పనక్కరలేదు. అష్టలక్ష్ములనడంలో పూర్వుల ఉద్దేశం ఇదేనేమో.

ఈ సందర్భంలో కోలాచల మల్లినాథసూరిని తలచుకోవాలి. కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన ఆ మహానుభావుడిది మెదకు సీమ కొల్చారం. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన నియమం. కౌంటరులో పత్రాలు చూసే అధికారిదీ మొదటి సగం వరకు అదే నియమం. ఆయన దృష్టిలో ఎదుట కూర్చున్నది మనిషి కాదు, పాఠభేదాలున్న తాళపత్ర గ్రంథం. నాలుగు ప్రతులు ముందేసుకుని శుద్ధపాఠం నిర్ణయించడమే ఆయన పని. తానే మూలగ్రంథాన్నని నరుడు ఎంత మొత్తుకున్నా లాభం లేదు, మూలం ఎప్పుడూ సాక్ష్యం కాదు. అన్నట్టు, మల్లినాథుడే దరఖాస్తు పెడితే ఇంటిపేరు గడికి ‘కోలాచల’ సరిపోయేది. ‘సూరి’ని ఎటు వేయాలో ఆయన వ్యాఖ్యానాల్లో ఎక్కడా లేదు.

‘బడిని తేది వేరు’. ఇక్కడ గొప్ప ప్రమాణ చర్చ ఉంది. బామ్మ వాక్యం: ‘వరదలప్పుడు, లంకలో నడుంలోతు నీళ్ళుండగా, పడవ మీద కాన్పయింది.’ గోదావరికి ఆ మహా వరద వచ్చింది 1986 ఆగస్టులో. మేష్టారు రిజిస్టరులో జులై ఒకటి వేశారు, పిల్లవాడికి బళ్ళో చేరే వయసు చాలాలి గనుక. ఆధారు తీయించుకున్ననాడు సంవత్సరం మాత్రమే చెప్పారు గనుక జనవరి ఒకటి పడింది. బామ్మది ప్రత్యక్షం. ఆవిడ మాటకు గోదావరే సాక్షి. అయినా చెల్లదు, ఇక్కడ చెల్లేది శబ్దప్రమాణం ఒక్కటే, అదీ రబ్బరు ముద్ర పడిన శబ్దం. గనుక మేష్టారే గెలుస్తారు. మిగిలిన పని ఆధారును ఆయన దారికి తేవడం. ఆధారులో పేరు మార్చుకోవడానికి జన్మకు రెండు అవకాశాలు, పుట్టిన తేదికి ఒక్కటే. పుట్టడమూ ఒక్కసారే కాబట్టి ఇది శాస్త్రసమ్మతమే. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి జనన ధ్రువపత్రం తప్ప పుట్టిన తేదికి మరో రుజువు పనికిరాదని నియమం వచ్చింది. ఇకమీదట పుట్టేవాళ్ళకు ఈ రెండో పాదం అర్థం కాదు.

‘కలిపి చూపుము’. ఇంతటి సమన్వయాన్ని పండితుడు చేయడు, ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు చేస్తాడు. 36 పేజీల పుస్తకానికి 1500, 60 పేజీలకైతే 2000, తత్కాల్ అయితే మరో 2000 సర్కారు రుసుము. కుర్రాడిది వేరు. అతడు భాష్యకారుడు, భాష్యానికి ధర కట్టరాదు.

‘నందియట్లు’. ఉపమాలంకారం. నరుడు ఉపమేయం, నంది ఉపమానం, ‘అట్లు’ ఉపమావాచకం. సమానధర్మం మాత్రం విప్పాలి. కదలకుండా ఎదుటికే చూస్తూ కూర్చోవడమన్నది పైపై అర్థం. నంది నవ్వడు, ఫొటో తీసేటప్పుడు నరుడూ నవ్వరాదు. అసలు రహస్యం చెవిలో ఉంది. గుడికి వచ్చినవాళ్ళు తమ కోరిక నంది చెవిలో చెప్పిపోతారు. కేంద్రానికి వచ్చిన నరుడి చెవిలోనూ దారిన పోయే ప్రతివాడూ ఏదో ఒకటి చెప్పిపోతాడు. ‘ఏడాదిగా అక్కడే ఉంటున్నానని చెప్పండి.’ ‘పాత పాస్‌పోర్టు ఉందా అంటే లేదనండి.’ ‘ఉంటే ఉందనే చెప్పండి బాబాయ్, కంప్యూటర్లో కనబడుతుంది.’ నంది ఇవన్నీ శివుడికి విన్నవిస్తాడో లేదో మనకు తెలియదు. నరుడు మాత్రం విన్నవి మొత్తం కౌంటరులో ఒకేసారి విన్నవిస్తాడు. ఫైలు ఆగడానికి అదొక కారణం.

‘నరుడు’ అన్నచోట స్త్రీలనూ గ్రహించాలి. కోనసీమ నుంచీ, అటు కడప, రాజంపేట వైపు నుంచీ కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళేవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. పదో తరగతి గట్టెక్కనివారి పుస్తకంలో ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి) అని పడుతుంది. అది పడ్డవారు గల్ఫు దేశాలతో కలిపి 18 దేశాలకు కూలికో కొలువుకో పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఇంటిపనికైతే 30 ఏళ్ళు నిండాలి. అదే వరుసలో పక్క కుర్చీలో కూతురి పురిటికి డాలస్ వెళ్ళే అమ్మగారు ఉంటారు. యాభై దాటినవారికి ఆ మూడక్షరాల బెడద లేదు, ఆవిడ బడి మొహం చూడకపోయినా సరే. టోకెన్లు మాత్రం ఇద్దరికీ ఒకే యంత్రం ఇస్తుంది.

ఉత్తరకథ పద్యంలో లేదు. కౌంటరు దాటాక పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. ఫోను వస్తుంది, పత్రాలతో స్టేషనుకు వెళ్ళాలి. ఊళ్ళో ఇది దాగదు. ‘మీ వాడికోసం పోలీసులు అడుగుతున్నారట’ అన్న వార్త కుళాయి దగ్గరికి ముందు చేరుతుంది, అమెరికా సంగతి తరువాత. కొన్ని ప్రతుల్లో ఈ ఘట్టంలో ‘టీ ఖర్చులు’ అనే పంక్తి కనిపిస్తుంది. నియమావళిలో అది లేదు గనుక ప్రక్షిప్తమని తోసిపుచ్చాలి. ప్రక్షిప్తాలు మూలం కన్నా కంఠస్థంగా ఉండటం మన వాఙ్మయంలో కొత్త కాదు.

ఫలశ్రుతి. పుస్తకం స్పీడ్ పోస్టులో వస్తుంది. రోజూ ఇంటిముందు పేపరు చదివే పోస్ట్‌మన్ ఆనాడు మనిషిని ఎరగనట్టు కార్డు చూసి గానీ ఇవ్వడు. లోపల భారత రాష్ట్రపతి పేరిట విదేశాలవారికి మనవి ఉంటుంది, ఈ మనిషిని ఆటంకం లేకుండా పోనిమ్మని. ఇంతా చేసి పుస్తకం ఇతడిది కాదు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షను ప్రకారం అది ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వపు సొత్తే. బీరువాలో పట్టుచీరల కింద దాచుకునే అధికారం మటుకు ఉంది, పదేళ్ళు. ఆరు నెలల గడువైనా మిగలకపోతే చాలా దేశాలు వీసా ఇవ్వవు గనుక ఆ పదేళ్ళను తొమ్మిదిన్నరగా అన్వయించుకోవాలి. ఆపైన రీఇష్యూ. దానికి వేరే పద్యం ఉన్నదంటారు, ప్రతి దొరకలేదు.