దంతధావన శూరులు

తెల్లవారుజామున గొంతులో మంటతోను నోట పులుపుతోను మేల్కాంచి, రాత్రి తమ కడుపులోని రసము పొలిమేర దాటి నోటివఱకు షికారు వచ్చి పోయినదని లేశమైనను శంకింపక, సర్వదోషమును పాచిపండ్లపై మోపి, గట్టి కుచ్చుల బ్రష్షుపై బొగ్గుపొడి అద్దుకొని, కత్తికి సాన పట్టువానివలె దంతములను అరగదీయు మహానుభావులు మన పట్టణములలో నానాటికి వృద్ధిచెందుచున్నారు. వీరి శౌర్యము కొనియాడదగినదే. శత్రువెవరో తెలియకున్నను యుద్ధము మాత్రము నిత్యము సాగుచునే యున్నది.

తోమినంతనే వీరి ప్రాతఃకృత్యములు ముగియవు. గోరువెచ్చని నీట నిమ్మచెక్క పిండి, చెంచాడు తేనె కలిపి, పరగడుపున చప్పరించుచు నింపాదిగా గ్రోలుదురు. ఇదేమని యడిగినచో, నిమ్మరసము కడుపులోనికి దిగినంతనే క్షారముగ మారి లోపలి ఆమ్లమును అణచివైచునని ఉపదేశింతురు. జఠరరసముయొక్క పి.హెచ్. 1.5 మొదలు 3.5 వఱకు నుండును. నిమ్మరసమున కది 2కు కొంచెము పైన. ఈ ఇరువురిలో నెవరు ఎవరిని అణతురో ఆ దైవమే యెఱుగవలెను. జీర్ణమైన పిదప దేహములో నిమ్మ ఏ అవతార మెత్తినను ఎత్తుగాక. దంతములున్నది వాకిటనే గదా! వాని పింగాణి పి.హెచ్. సుమారు 5.5కు దిగినప్పటినుండియే కరగ నారంభించును. రాత్రియంతయు ఒక ఆమ్లములో నానిన పంటికి ఉదయమున వేఱొక ఆమ్లముతో అభిషేకము చేయుట వైద్య మనిపించుకొనుచున్నది.

అసలు కథ నిద్రలో జరుగును. మెలకువలో లాలాజలము ఊరుచుండగా, మనము గుటకలు వేయుచుండగా, పైకెగసిన ఆమ్లము ఎప్పటికప్పుడు కడుగుకొని పోవును. నిద్రలో ఆ ఊట దాదాపు ఆగిపోవును, గుటకలు అరుదగును, వెల్లకిల పండుకొన్నవానికి రసము దిగిపోవుటకు వాలు సైత ముండదు. అట్లు వచ్చిన ఆమ్లము ముఖ్యముగా తాకునది పైపండ్ల లోపలి ముఖమును. మన శూరుడు అద్దమున చూచుకొని తోమునది పెదవివైపు ముఖమును. అత్తమీది కోపము దుత్తమీద చూపుట యనగా నిదియే. పైగా ఆమ్లమున తడిసి మెత్తబడిన పింగాణిపై వెంటనే బ్రష్షు ఆడించినచో, లాలాజలములోని కాల్షియమును ఫాస్ఫేటును చేరి గట్టిపఱుపవలసిన పొర కాస్తా తుడిచిపెట్టుకొని పోవును. పొర పలుచనగుకొలది దాని క్రింద నున్న డెంటిన్ అను పసుపువన్నె భాగము బయటికి తొంగిచూచును. అది చూచి శూరుడు, పండ్లు పచ్చబడినవి, బొగ్గు చాలలేదని నిశ్చయించి మఱింత బిగించి తోమును. తోమినకొలది పచ్చన, పచ్చనైనకొలది తోముట. గోరు మొలచును, వెండ్రుక మొలచును, పోయిన పింగాణి మాత్రము మొలవదు.

బొగ్గు మన పూర్వుల సంప్రదాయమని వీరు గర్వింతురు. సంప్రదాయమన్న నాకును గౌరవమే. అయితే ప్రొద్దుగ్రుంకు వేళకే భుజించుట, భోజనానంతరము వామకుక్షిగా శయనించుట అను సంప్రదాయములు దారిలో ఎక్కడ జారిపోయినవో! ఎడమవైపు తిరిగి పండుకొన్నచో జఠరములోని రసము అన్ననాళపు ద్వారమునకు దిగువన నిలుచును. ఈ సంగతిలో పెద్దలమాటకు నేటి వైద్యులును తలయూపుదురు. మన శూరుడో, రాత్రి పదిన్నరకు బిర్యాని, దానిపై మిరపకాయ బజ్జీలు, అరుగుటకని గోలీసోడా, చల్లదనమునకని అన్ననాళపు కవాటమును సడలించు పిప్పరమెంటు బిళ్ళయు సేవించి, తక్షణమే వెల్లకిల పడి గుఱక మొదలుపెట్టును.

'ఏమండీ, మంచము తలవైపు కోళ్ళక్రింద ఇటుకలు పెట్టించుకొమ్మని డాక్టరుగారు చెప్పిరి గదా' అని ఇల్లాలు జ్ఞాపకము చేసినచో, 'అప్పుచేసి రెండంతస్తుల మేడ కట్టించినది ఇటుకలమీద పండుకొనుటకా?' అని గద్దించి, తలక్రింద మూడు దిండ్లు పేర్చుకొనును. దిండ్లు ఎత్తునది తలను మాత్రమే. నడుము మడతబడి పొట్టపై ఒత్తిడి హెచ్చును, రసము మఱింత హుషారుగా పైకి వచ్చును. 6 నుండి 8 అంగుళముల ఎత్తు కావలసినది మంచమునకు.

నోట పులుపు తగిలి మెలకువ వచ్చినప్పుడు చేయవలసినది స్వల్పకార్యము: గ్లాసెడు నీట చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి ఉమియుట, తోముటను అరగంటయో గంటయో వాయిదా వేయుట. కాని కానీ ఖర్చులేని వైద్యమునకు గౌరవ మెక్కడిది? అరగంట ఊరకుండుట శూరులకు పరాభవము గదా!

ఇట్టివా డొకడు మొన్న పంటివైద్యుని కుర్చీలో నోరు తెఱచెను. ఆయన చిన్న అద్దము లోనికి పోనిచ్చి, పైపండ్ల వెనుకతట్టు చాలసేపు పరిశీలించి, 'రాత్రులు గుండెమంట వచ్చుచున్నదా? భోజన మెప్పుడు చేయుదురు?' అని అడిగెను. 'అయ్యా, నేను చూపింప వచ్చినది పండ్లను. నా భోజనముతో మీకేమి పని?' అని శూరుడు చఱ్ఱున లేచి, ప్రక్కవీధిలోని మందులదుకాణమునకు పోయి, 'మీవద్ద అన్నింటికన్న గట్టి బ్రష్షు ఏదున్నదయ్యా?' అని విచారించెను.