బదిలీ లేని ఉద్యోగం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మనవాళ్లు దేవుడికి భయపడతారో లేదో గానీ, బదిలీ ఆర్డరుకి మాత్రం భయపడతారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్ల మనవలం మేము. జోన్ ఆఫీసు ఇవ్వలేదని 1996 జనవరిలో స్టేషన్ తగలబెట్టి, 2003లో జోన్ తెచ్చుకున్న ఊరు మాది. అంత పోరాడినా బదిలీలు తప్పలేదు.

బదిలీ లేని ఉద్యోగం ఊళ్లో ఒక్కటే, ఎమ్మెల్యేగిరీ. అమర్ అగ్రవాల్ గారు 1998లో భోపాల్ అసెంబ్లీకి గెలిచారు. రెండేళ్లకి ఛత్తీస్‌గఢ్ వచ్చింది. ఆయన కదల్లేదు, అసెంబ్లీయే రాయపూర్‌కి బదిలీ అయింది. ఆయన నాన్నగారు లఖీరామ్ అగ్రవాల్ బీజేపీలో పెద్దాయన, రాజ్యసభ సభ్యుడు. అప్రెంటిస్‌షిప్ ఇంట్లోనే అయిపోయిందన్నమాట. 2003, 2008, 2013 ఎన్నికల్లోనూ ఆయనే. ముఖ్యమంత్రి రమణ్ సింగ్ కేబినెట్‌లో మంత్రి కూడా.

2008లో భూగర్భ మురుగు కాల్వల పథకం మొదలైంది. తవ్వారు, పూడ్చారు, పూడ్చింది మళ్లీ తవ్వారు. నైట్ డ్యూటీ దిగి గోల్ బజార్‌కి సంచీ పట్టుకెళ్లిన మనిషి, నిన్నటి దారిలో ఇవాళ గొయ్యి చూసి, గుళ్లో ప్రదక్షిణ చేసినట్టు దాని చుట్టూ తిరిగి ఇంటికొచ్చేవాడు. జనం ఊరి పేరే మార్చి ‘ఖోదాపూర్’, అంటే తవ్వేసిన ఊరు, అన్నారు. 2013 ఎన్నికల్లో అమర్ గారి మీద కాంగ్రెస్ మేయర్ వాణీ రావు నిలబడ్డారు. పేరు చివర రావు ఉంటే చాలు, ఏ జిల్లావారో తేల్చేదాకా మన అరుగులకి నిద్ర పట్టదు. మేయర్ కుర్చీ కాంగ్రెస్‌ది, మంత్రి కుర్చీ బీజేపీది, గొయ్యి మాత్రం ఉమ్మడి ఆస్తి. ఆవిడ ఓడిపోయారు.

నవ్వలేని సంగతి ఒకటుంది. 2014 నవంబరులో బిలాస్‌పూర్ జిల్లా శిబిరాల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్న ఆడవాళ్లలో 13 మంది చనిపోయారు. అప్పుడు ఆరోగ్య మంత్రి అమర్ గారే. రాజీనామా చెయ్యమని ఎంతమంది అడిగినా కుర్చీ కదల్లేదు.

కుర్చీని కదిలించింది చెత్త. 2018 సెప్టెంబరులో, తమ పార్టీని ‘కచరా’ అన్నారని కాంగ్రెస్ వాళ్లు ఆయన బంగ్లాలో చెత్త పోసొచ్చారు. అప్పటికి ఆయన పట్టణ పాలన మంత్రి. ఊళ్లో చెత్తబండి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు గానీ, పోలీసు బండి మాత్రం ఆ రోజే కాంగ్రెస్ భవన్‌కి వచ్చింది, లాఠీలతో. ఆ ఏడాది ఎన్నికల్లో యూనివర్సిటీ మాజీ రిజిస్ట్రార్ శైలేష్ పాండే చేతిలో ఆయన పదకొండు వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడారు. ఇరవై ఏళ్ల సర్వీసుకి అదొక్కటే సస్పెన్షన్. అయిదేళ్లు తిరిగేసరికి, 2023లో, అదే పాండేని ఓడించి మళ్లీ డ్యూటీలో చేరిపోయారు. గోతుల మాటెలా ఉన్నా, జనం కోపం మాత్రం శుభ్రంగా పూడిపోయింది.

ఈసారి మంత్రి పదవి రాలేదు. 2025 ఆగస్టులో కేబినెట్ విస్తరిస్తే, కొత్త మంత్రుల్లో ఒక అగ్రవాల్ ఉన్నారు. తీరా చూస్తే ఆయన అంబికాపూర్ రాజేశ్ అగ్రవాల్. 2023లో అప్పటి ఉపముఖ్యమంత్రి సింగ్‌దేవ్‌ని 94 ఓట్ల తేడాతో ఓడించినాయన. సీనియారిటీ లిస్టు రైల్వేలో చెల్లుతుంది గానీ రాయపూర్‌లో చెల్లదు.

2028లో మళ్లీ ఓట్లకొస్తారు. ఏ పార్టీవారైనా సరే, దండ వేసేముందు కారు దింపి, సందు చివరిదాకా నడిపించండి.