పేరు మారింది, నెట్ రాలేదు

వైఫైకి పెట్టే పేరును సాంకేతికంగా ఎస్ఎస్ఐడీ అంటారు. యూనివర్సిటీ క్యాంపస్‌లో నెట్ మందగించినప్పుడు తీగ మార్చాలంటే టెండరు కావాలి, రౌటర్ పెట్టె మార్చాలంటే బడ్జెట్ కావాలి. పేరు మార్చడానికి సెట్టింగ్స్ తెరవగల మనిషి ఒక్కడు చాలు. అందుకే ముందుగా పేరే మారుతుంది.

ఫోన్ నెట్‌వర్క్‌ను పేరుతోనూ, భద్రతా పద్ధతితోనూ గుర్తుపడుతుంది. గోడకు అదే పెట్టె, అదే పాస్‌వర్డ్ ఉన్నా, పేరులో ఒక్క పెద్దక్షరం చిన్నదైతే ముఖం తిప్పుకుంటుంది. ఆ రోజంతా హాస్టల్ వరండాలో “అన్నా, నెట్ వస్తలేదు”, “కొత్త పాస్‌వర్డ్ ఏందన్నా?” అన్న రెండు మాటలే తిరుగుతాయి. పాస్‌వర్డ్ పాతదేనంటే ఎవరూ నమ్మరు.

పేర్లన్నీ ఇంగ్లిష్‌లోనే ఎందుకుంటాయన్నది వేరే సంగతి. పేరుకు హద్దు 32 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికి మూడు, గుడికి మూడు, పొల్లుకు మూడు, సున్నాకూ మూడే. ‘కరీంనగర్’ 24తో, ‘ఆదిలాబాద్’ 27తో గట్టెక్కుతాయి. ‘శాతవాహన’ ఒక్కటే అయితే 21. దాని పక్కన ‘విశ్వవిద్యాలయం’ చేరిస్తే, మధ్యలో ఖాళీతో కలిపి సరిగ్గా 64, అంటే హద్దుకు రెండింతలు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలు చీలినప్పుడు ఈ లెక్క ఎవరూ చూసినట్టు లేదు. ‘నిర్మల్’కు 21, ‘జగిత్యాల’కు 24, ‘మంచిర్యాల’కు 27. ‘పెద్దపల్లి’ 30తో అంచు మీద నిలిచింది. ‘రాజన్న సిరిసిల్ల’ 46తో మునిగింది. ‘కుమురం భీం ఆసిఫాబాద్’ 56. జల్, జంగల్, జమీన్ అడిగిన మనిషి పేరు పెట్టుకున్న జిల్లాకు గాలిలోనూ జాగా లేదు.

పేరు చివర ‘5జీ’ అని తగిలిస్తే అది 5 గిగాహెర్ట్జ్ అని అర్థం, సిమ్‌లోని 5జీ కాదు. గోడలు దాటడంలో ఇది 2.4 గిగాహెర్ట్జ్ కన్నా బలహీనం. అందుకే పరీక్షల రోజుల్లో మంచాలు ఖాళీగా, పెట్టె ఉన్న మెట్లు నిండుగా ఉంటాయి.

పాత పేరు తీసేయకుండా కొత్తది చేర్చడం మరో పద్ధతి. అధ్యాపకులకు ఒకటి, విద్యార్థులకు ఒకటి, అతిథులకు ఒకటి, ‘న్యూ’, ‘న్యూ2’. ప్రతి పేరూ సెకనుకు దాదాపు పదిసార్లు తన ఉనికిని చాటింపు వేస్తుంది, అదీ నెమ్మది వేగంతో. డప్పులు పెరిగినకొద్దీ ఊళ్లో మాట వినబడనట్టు, పేర్లు పెరిగినకొద్దీ నెట్‌కు మిగిలే సమయం తగ్గుతుంది. నెట్ మళ్లీ మందగిస్తుంది. మళ్లీ పేరు మారుస్తారు.

తీసేసిన పేర్లు గాలిలో ఉండవు కానీ ఫోన్‌లో ఉంటాయి. సేవ్ చేసిన నెట్‌వర్క్‌ల జాబితా కిందికి జరిపితే మూతపడ్డ నెట్ సెంటర్, ఖాళీ చేసిన అద్దె రూము, ఆఖరి పరీక్ష రాసి వదిలేసిన హాస్టల్ రెండో అంతస్తు వరసగా కనిపిస్తాయి. వాటి పాస్‌వర్డ్‌లు ఇంకా భద్రంగానే ఉంటాయి. ఒక్కో పేరు కింద ‘ఫర్గెట్’ అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కేవాళ్లు తక్కువ.