మూతబడిన మిల్లు, తెరవని కన్ను

లండను నగరమున విద్యుదుత్పత్తి చాలించిన బ్యాంకుసైడు కేంద్రము 2000వ సంవత్సరమున టేట్ మోడరన్ చిత్రశాలగా పునర్జన్మ మెత్తినదనియు, కొచ్చిలో సుగంధద్రవ్యముల వర్తకము సాగిన ఆస్పిన్‌వాల్ భవనము 2012 మొదలు బియనాలె యను కళోత్సవమునకు వేదికయైనదనియు విని, గోదావరీతీరవాసులమైన మనమేల వెనుకబడవలెనని కొందరు రసికులు వాపోవుచున్నారు. వారి చింత నిష్కారణము. మన సీమలో మూతబడిన బియ్యపుమిల్లునకు మోక్షమార్గములు పూర్వమే నిర్ణీతములు: గోడలు నిలిచినచో కల్యాణమండపము, కూలినచో ఇండ్లస్థలముల లేఅవుటు. ఈ రెండింటి నడుమ పదిమంది చిత్రకారులు చొరబడి ప్రదర్శన పెట్టిరే యనుకొందము. ప్రారంభోత్సవమునకు విచ్చేసిన పెద్దలు తుప్పుపట్టిన హల్లరు నెదుట నిలిచి, 'ఆహా, ఎంతటి శిల్పము!' అని శిరఃకంపము చేసి, అసలు చిత్రపటముల వంక కన్నెత్తియైన చూడక, ఆత్రేయపురపు పూతరేకులు పంచు బల్లయొద్దకు సపరివారముగా తరలిపోవుదురు.

ఇరువదియెనిమిదేండ్లయినను నిండకుండ 1925లో అస్తమించిన దామెర్ల రామారావుగారి చిత్రములకు రాజమహేంద్రవరమున ఒక చిత్రశాల యున్నది. దానికి త్రోవ యెటని పరదేశి యెవడైన నడిగినచో తలగోకికొనెడి మనము, రోజ్‌మిల్కు దుకాణమునకు మాత్రము మలుపులతో సహా తడుముకొనక చెప్పగలము.

కావున, రసికులారా, జనసమ్మర్దము లేని ప్రశాంతప్రాంగణమే కళకు కావలయునన్నచో, దానికొరకు మిల్లులు మూతబడుదాక వేచియుండనేల?