ఏటేటా అధికమాసం

చాంద్రమానానికీ సౌరమానానికీ పొత్తు కుదిర్చేందుకు పంచాంగకర్తలు సుమారు 33 నెలలకొకసారి చేర్చే అదనపు నెలను అధికమాసమంటారు. ప్రీపెయిడ్ కంపెనీలు మాత్రం నెలను 28 రోజులకు కుదించి, ఏడాదికి 13 రీచార్జీలు చేయించి, ఆ మాసాన్ని ఏటా తెప్పిస్తున్నాయి. ఘడియ తప్పకుండా ఏకాదశి పాటించే మంత్రాలయ క్షేత్రానికి సైతం ఈ గణితం మింగుడుపడేది కాదు. 30 రోజుల ప్లాను ఒక్కటైనా ఉండాలని 2022లో ట్రాయ్, అంటే టెలికాం నియంత్రణ సంస్థ, ఆదేశించాక అటువంటివి వచ్చాయి గాని 28 చెక్కుచెదరలేదు. 2024 జూలైలో ధరలు పెరిగినప్పుడు, అక్కడి తుంగభద్ర గట్టున తులసిమాలలు అల్లుతూ బటన్ల ఫోనును కొంగున ముడివేసుకునే అవ్వ వంటివారు చవక ప్లాను వెదికితే, ఫోనులో తెరవనైనా వీలుకాని ఇంటర్నెట్టుకూ కలిపే ధర కట్టవలసి వచ్చింది. కాల్స్‌కూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే పరిమితమైన వోచర్లు, అనగా డేటా అంటగట్టని రీచార్జీలు, ఉండి తీరాలని ఆ సంస్థే 2024 డిసెంబరులో నిర్దేశించింది. అలా వచ్చిన వాటిలో 84 రోజుల ప్లాను ఒకటి. అదీ మూడు ఇరవై ఎనిమిదులే.