సర్ఫేస్ గేజి సూత్రము: టీకా తాత్పర్యములు

మూలము: బల్ల తుడిచి, ఎత్తు పట్టి, గీత ఒక్కసారే గీయవలెను.

ప్రతిపదార్థము: బల్ల = సర్ఫేస్ ప్లేటును; తుడిచి = ముందు గుడ్డతోను, పిమ్మట అరచేతితోను తుడిచి; ఎత్తు = గీయవలసిన మట్టమును; పట్టి = స్క్రైబరు మొనకు అప్పగించి; గీత = లోహమును ఎందాక తీయవలెనో తెలుపు హద్దును; ఒక్కసారే = మరల చేయి పెట్టక; గీయవలెను = గీయవలయును.

తాత్పర్యము: శుభ్రమైన ప్లేటుపై జాబును (పని చేయవలసిన లోహపు ముక్కను), గేజిని ఉంచి, స్టీలు రూలు చూచి స్క్రైబరు మొనను కావలసిన ఎత్తున బిగించి, గేజి దిమ్మ ప్లేటును వదలకుండ జరుపుచు జాబుపై గీత గీయవలెనని సారాంశము.

వ్యాఖ్యానము: సూత్రము బల్లతో మొదలగుట ఊరక కాదు. సర్ఫేస్ గేజి యనగా బరువైన దిమ్మ, దానిపై అటునిటు వంగు కడ్డీ, కడ్డీకి బిగించిన స్క్రైబరు. అంతే. అంకెలు లేవు. "కొలత లేనిది గేజి ఎట్లగును?" అని పూర్వపక్షము. ఇది కొలువదు, మోయును. రూలు చెప్పిన ఎత్తును జాబు వద్దకు చేర్చును అని సమాధానము. దిమ్మ క్రింద ఇనుప రజను చిక్కినచో దిమ్మ ఒరుగును. స్క్రైబరు ఎంత ముందుకు చాచియుండునో మొన వద్ద తప్పు అంత పెరుగును. కావున స్క్రైబరును పొట్టిగా పట్టుట మేలు.

రూలును చేతితో నిలిపినచో వాలును. వాలిన రూలుపై 50 మి.మీ. గీతకు పట్టిన మొన నిజముగ 50కి తక్కువ ఎత్తుననే ఉండును. అందుచే రూలును యాంగిల్ ప్లేటుకు ఆనించి నిలుపవలెను. మొనను ఉజ్జాయింపుగా చేర్చి, క్లాంపు బిగించి, మిగిలిన వెంట్రుకవాసిని దిమ్మపైనున్న సన్న సవరణ స్క్రూతో సరిచేయవలెను. అర మిల్లీమీటరు గీతల రూలు నుండి అంతకు మించిన సూక్ష్మమును కోరుట అత్యాశ, అందుకు 0.02 మి.మీ. వరకు చూపు వెర్నియర్ హైట్ గేజి వేరుగ కలదు.

సూత్రకారుని హృదయము "ఒక్కసారే" అను పదముననే ఉన్నది. గరుకు పోతకు సుద్ద, నునుపు ఉక్కుకు మైలుతుత్తపు ద్రావణము ముందుగ పూయుదురు. ఉక్కుపై పలుచని రాగిపొర ఏర్పడి, దానిలో గీత తెల్లగ మెరయును. మొన వెనుకకు వాలి ఈడ్చినట్లు రావలెను; ఎదురు నెట్టినచో అదరును. మరల గీచినచో గీతలు రెండగును. ఫైలు పట్టినవాడు తనకు అనుకూలమైనదానినే ప్రమాణముగ గొనును. గీత చెరిగిపోకుండ దాని వెంట డాట్ పంచితో చుక్కలు కొట్టుదురు. పని ముగిసినపుడు చుక్కలో సగము మిగిలినచో పనివాడు హద్దు మీరలేదని సాక్ష్యము.

దిమ్మలోని పిన్నులను క్రిందికి నొక్కి ప్లేటు అంచుకు ఆనించిన, అంచుకు సమాంతరముగ గీతలు వచ్చును. దిమ్మ అడుగునున్న వి-గాడి గుండ్రని షాఫ్టుపై కూర్చొనుటకు.

స్క్రైబరు స్థానమున డయల్ ఇండికేటరును బిగించినచో ఇదే గేజి తనిఖీకి పనికివచ్చును. స్లిప్ గేజీల కట్టపై ముల్లును సున్నకు తెచ్చి, జాబుపై నడుపుదురు. ముల్లు కదలిన మేర తేడా. గీత మాత్రము త్రోవ చూపుటకే. జాబు తుది కొలత మైక్రోమీటరు వంటి కొలత సాధనముతో తీయవలెను.