53 సంస్థానాలు, ఒక్క సముద్రం

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పటేల్ 560కి పైగా సంస్థానాలను దేశంలో కలిపేశాడు. మొండికేసిన నైజాం మీదికి సైన్యమే వెళ్లింది. అమెరికాలోని న్యూజెర్సీలో మాత్రం ఈరోజుకీ 564 మునిసిపాలిటీలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అక్కడ పటేల్ పుట్టలేదు. పుట్టినా, ఆయన్నీ ఏదో ఒక బరో అనే చిన్న మునిసిపాలిటీకి మేయర్ని చేసి నోరు మూయించేవాళ్లు.

అట్లాంటిక్ ఒడ్డున ఉన్న మాన్మత్ కౌంటీ వాటా 53. హోవెల్ టౌన్‌షిప్ విస్తీర్ణం దాదాపు 60 చదరపు మైళ్లు. ష్రూస్‌బరీ టౌన్‌షిప్‌ది దాదాపు 60 ఎకరాలు. 1693 నాటికి ఈ రెండోది మహాసంస్థానం. పిల్లలు ఒక్కొక్కరే వేరు కాపురం పెట్టి పోగా, పెద్దాయనకు రెండో ప్రపంచయుద్ధ కాలంలో కట్టిన ఇళ్ల సముదాయమొకటి మిగిలింది. దానికీ ఓ ప్రభుత్వం ఉంది, బడ్జెట్ ఉంది.

ఫ్రీహోల్డ్ పేరుతో ఉన్న రెండు ఊళ్ల సంగతి ఇంకా రుచికరం. టౌన్‌షిప్ గారె, బరో దాని మధ్య చిల్లు. గారెలో పిల్లలకు ఒక స్కూలు జిల్లా, చిల్లులో పిల్లలకు ఇంకొకటి. ఎనిమిదో తరగతి దాకా ఒకే కప్పు కింద కూర్చోకూడని వీళ్లంతా తొమ్మిదికి వచ్చేసరికి ఒకే హైస్కూలు జిల్లాలో చేరిపోతారు. ఆ వేసవి సెలవుల్లో ఏం మహత్తు జరుగుతుందో మరి!

ఇక లాక్ ఆర్బర్. 1957లో ఓషన్ టౌన్‌షిప్ నుంచి విడిపోయిన సముద్రతీర గ్రామం, జనాభా రెండొందల చిల్లర. ఏళ్ల తరబడి ఊరంతా కలిసి స్కూళ్లకు ఏటా 3 లక్షల డాలర్లు కట్టి ఊరుకుంది. 2008లో రాష్ట్రం ఆ వెసులుబాటు తీసేసరికి బిల్లు అమాంతం కొన్ని రెట్లైంది. ఊరు ఏం చేసింది? వేరుపడటంలో ఆరితేరిన ఊరు కదా, 2017లో ఓషన్ టౌన్‌షిప్ స్కూలు జిల్లా నుంచి కూడా వేరుపడింది.

నేలను పంచుకున్నాక నీళ్లెందుకు వదలాలి? ఏవన్ అనే బరో తన బీచ్‌కి పొరుగూరివాళ్ల దగ్గర ఎక్కువ రుసుం వసూలు చేసింది. పక్కనున్న నెప్ట్యూన్ సిటీ కోర్టుకెక్కింది. సముద్రం అందరిదీనని చెప్పడానికి 1972లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు కావాల్సి వచ్చింది. ఇప్పుడు రుసుం అందరికీ సమానం. ఉచితం మాత్రం కాదు, తీర్పులో ఆ మాట లేదుగా.

ఈ వైభోగానికి కప్పం ఇంటిపన్ను. 2024లో రాష్ట్ర సగటు పది వేల డాలర్లు దాటింది. అందులో సగానికి పైగా స్కూళ్లకే. తిట్టని ఇల్లు లేదు. సరే, పక్క ఊరితో కలిసిపోదామా అంటే మాత్రం గది నిశ్శబ్దమైపోతుంది. 2013లో రెండు ప్రిన్స్‌టన్‌లు కలిశాయి, 2022లో ఓ గోల్ఫ్ క్లబ్బు ఊరు పక్క బరోలో కలిసింది. పెళ్లిళ్ల సీజన్ అంతటితో సరి. మార్ల్‌బరోలో, మనాలపన్‌లో ఇల్లు కొన్న మనవాళ్లూ తక్కువ తినలేదు. మొదటి ఏడాది "ఇదేం పన్నండీ బాబూ" అంటారు, రెండో ఏడాదికల్లా "వాళ్లతో కలిస్తే మన స్కూలు రేటింగ్ ఏం కావాలి?" అని మీటింగుల్లో లేచి నిలబడతారు.

డబ్బున్నవాడికి దారులు వేరు. 1964 నాటి వ్యవసాయ భూముల చట్టం ప్రకారం కనీసం ఐదెకరాల సాగు, ఏడాదికి వెయ్యి డాలర్ల రాబడి చూపిస్తే భవనం చుట్టూ ఉన్న నేల పన్ను లెక్కల్లో పొలమైపోతుంది. కౌంటీలోని రాక్ తారల సేద్యం పత్రికలకెక్కింది కూడా.

ఐదెకరాలు లేనివాడు ఇంటి విలువ తగ్గించమని జనవరి 15 గడువులోగా పన్ను బోర్డుకు అప్పీలు వేసుకోవచ్చు. బోర్డు ముందు ఇంటాయన దీనంగా చెబుతాడు: బేస్‌మెంట్‌లో చెమ్మ, వంటగది పాతది, వెనక హైవే రొద. వసంతం రాగానే అదే ఇల్లు అమ్మకానికి పెడతాడు. ప్రకటనలో చెమ్మ లేదు, వంటగది తళతళలాడుతోంది, హైవే "రాకపోకలకు ఎంతో అనుకూలం".